భారీ ఇంజిన్లలో ఘర్షణ నష్టం: కొలతలు, అంచనాలు, తేలని విషయాలు

లారీలు, బస్సులు తాగే డీజిలులో ఘర్షణకు పోయేది ఎంత? ఈ ప్రశ్నకు ఎక్కువమంది ఉదహరించే జవాబు 2014లో వచ్చింది. ఫిన్లాండ్‌లోని వీటీటీ పరిశోధన సంస్థకు చెందిన కెనెత్ హోంబర్గ్, అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన అలీ ఎర్డెమిర్, వారి సహచరులు వేసిన లెక్క అది. ఇంజిను, గేరుబాక్సు, టైర్లు, బ్రేకులు, అనుబంధ యంత్రాలు అన్నీ కలిపి చూస్తే ఇంధన శక్తిలో 33 శాతం ఘర్షణకే ఖర్చవుతోందని, 2012లో ప్రపంచమంతటా భారీ వాహనాలు ఇలా పోగొట్టుకున్న ఇంధనం 18,000 కోట్ల లీటర్లని వారు అంచనా వేశారు.

అందులో ఒక్క ఇంజిను వాటా ఎంత అని అడిగితే జవాబు అంత సూటిగా రాదు. డీజిల్ ఇంజిన్ల సిలిండరు భాగాల ఘర్షణపై 2000లో కమిన్స్ సంస్థకు చెందిన డి.ఇ. రిచర్డ్‌సన్ రాసిన సమీక్ష, యాంత్రిక ఘర్షణ ఇంధన శక్తిలో 4 నుంచి 15 శాతం దాకా ఉంటుందని చెప్పింది. పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్డు కలిసి ఆ ఘర్షణలో 40 నుంచి 55 శాతం తీసుకుంటాయని కూడా అందులోనే ఉంది. నాలుగుకూ పదిహేనుకూ మధ్య ఇంత ఎడం ఎందుకు? కొంత ఇంజిన్ల తేడా, కొంత లోడు తేడా. మిగిలినదంతా కొలిచే పద్ధతి తేడా. వివాదం చిక్కుపడింది ఈ మూడోదాని దగ్గరే.

దేన్ని ఘర్షణ అనాలి?

సిలిండరులో మండిన వాయువు పిస్టన్ మీద చేసిన పనిని ఇంజిను ఘనపరిమాణంతో భాగిస్తే ఇండికేటెడ్ సగటు పీడనం వస్తుంది. ఫ్లైవీలు దగ్గర మన చేతికందే పనిని అలాగే భాగిస్తే బ్రేక్ సగటు పీడనం వస్తుంది. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేదే ఘర్షణ సగటు పీడనం, ఇంజినీర్ల వాడుకలో ఎఫ్ఎంఈపీ. 13 లీటర్ల లారీ ఇంజిను 1,500 ఆర్పీఎం మీద తిరుగుతుంటే 1 బార్ ఎఫ్ఎంఈపీ అంటే సుమారు 16 కిలోవాట్లు, అంటే 22 అశ్వశక్తి. బ్రేక్ పీడనం 20 బార్లున్న పూర్తి లోడులో ఇది సిలిండరు ఇచ్చిన పనిలో 5 శాతం లోపే. బ్రేక్ పీడనం 4 బార్లకు పడిపోయిన తేలిక లోడులో అదే 1 బార్ 20 శాతమవుతుంది. ఖాళీగా తిరిగివచ్చే లారీకి ఘర్షణ బరువు ఎక్కువ అనడానికి కారణం ఇదే.

నిర్వచనం ఇక్కడిదాకా తేలికే. సిలిండరు పనిని లెక్కించేటప్పుడు కంప్రెషన్, విస్తరణ స్ట్రోకులు మాత్రమే తీసుకోవాలా, గాలి పీల్చి పొగ వదిలే స్ట్రోకులు కూడా కలపాలా అన్న దగ్గర దారులు చీలతాయి. మొదటి దారిలో వెళితే పంపింగ్ నష్టం ఘర్షణ ఖాతాలో పడుతుంది. టర్బోచార్జరు ఉన్న ఇంజినులో లోపలికొచ్చే గాలి పీడనం ఎగ్జాస్టు పీడనాన్ని మించితే ఆ పంపింగ్ నష్టమే లాభంగా మారుతుంది. ఎగ్జాస్టు వాయువులో కొంత మళ్లీ సిలిండరులోకి పంపే ఈజీఆర్ కోసం ఎగ్జాస్టు పీడనాన్ని పెంచితే మళ్లీ నష్టమవుతుంది. అంటే ఒక్క బేరింగూ మారకుండా, ఒక్క రింగూ అరగకుండా, ఈజీఆర్ వాల్వు తెరుచుకున్నంత మాత్రాన కాగితం మీద ‘ఘర్షణ’ పెరిగిపోతుంది.

అనుబంధ యంత్రాల సంగతి ఇంకో చిక్కు. ఆయిలు పంపు, నీళ్ల పంపు లేకుండా ఇంజిను నడవదు కాబట్టి వాటిని ఘర్షణలో కలపడానికి ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేదు. ఎయిర్ బ్రేకుల కంప్రెసరు, ఆల్టర్నేటరు, స్టీరింగు పంపు, పదుల కిలోవాట్లు లాగగల రేడియేటరు ఫ్యాను విషయంలో ఒక్కో ప్రయోగశాల ఒక్కో దారి పట్టింది. అన్నిటికన్నా తికమక పెట్టేది ఇంధన పంపు. 2,000 బార్ల పైన డీజిలును నొక్కే పంపు తినే శక్తిలో చాలా భాగం రాపిడి కాదు, అది ఇంధనంలోకే వెళ్లే పని. పైగా అది లోడుతో పాటు పెరుగుతుంది. దాన్ని ఘర్షణలో కలిపినవారికి ‘లోడు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది’ అన్న ఫలితం ముందే రాసిపెట్టి ఉన్నట్టే.

మండించకుండా కొలిచిన కాలం

సిలిండరు లోపలి పీడనాన్ని గీతగా గీయించే ఇండికేటరు జేమ్స్ వాట్, ఆయన సహాయకుడు జాన్ సదరన్ కాలం నాటిది. 1796 ప్రాంతంలో ఆవిరి యంత్రాల మీద మొదలైన పని అది. ఆవిరి ఖర్చును లోడుకు ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ వస్తుందని 19వ శతాబ్దం చివర్లో పీటర్ విలన్స్ చూపించాడు. డీజిల్ ఇంజిన్లకు దాన్నే ఇంధన రేఖగా మార్చుకున్నారు. రేఖను ఇంధనం సున్నా అయ్యేదాకా వెనక్కి పొడిగిస్తే ఘర్షణ దొరుకుతుంది. ఒక్కో సిలిండరునూ ఆపుతూ మిగిలినవాటి శక్తిని చూసే మోర్స్ పరీక్ష, ఇంధనం కట్ చేసి వేగం ఎలా తగ్గుతోందో గమనించే రిటార్డేషన్ పరీక్ష, విద్యుత్ మోటారుతో ఇంజినును తిప్పి చూసే మోటరింగ్ పరీక్ష ఈ కుటుంబంలోవే. జేఎన్‌టీయూ మెకానికల్ విద్యార్థులు థర్మల్ ల్యాబులో ఇప్పటికీ చేసేవి ఇవే పరీక్షలు.

ఇంజిను పని తీరు నేర్పడానికి ఇవి బాగా పనికొస్తాయి. నేటి లారీ ఇంజిను ఘర్షణ తేల్చడానికి వీటిలో కొన్ని చాలవు. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న ఇంజినులో లోడుతో పాటు ఇంధనం చిమ్మే సమయం, ఈజీఆర్, టర్బో వేన్లు అన్నీ మారతాయి కాబట్టి విలన్స్ రేఖ సరళరేఖగా మిగలదు. వంగిన రేఖను సున్నా దాకా పొడిగించడం ఊహాగానమే. ఒక సిలిండరును ఆపితే టర్బోకు వెళ్లే ఎగ్జాస్టు తగ్గి మిగిలిన సిలిండర్ల గాలి కూడా మారుతుంది. కాబట్టి మోర్స్ పరీక్ష అడిగే ‘మిగిలినవన్నీ యథాతథం’ అన్న షరతు నెరవేరదు.

మోటరింగ్‌ను అలా తోసిపుచ్చలేం. అది సులువు, తిరిగి చేస్తే అదే ఫలితం ఇస్తుంది, ఇంజినును భాగం భాగం విప్పుతూ తిప్పితే ఏ భాగం ఎంత తింటోందో వరుస పెట్టి చెబుతుంది. యూరోపియన్ యూనియన్ 2017/2400 నియంత్రణ కింద లారీ ఇంజిన్లకు పూర్తి లోడు రేఖతో పాటు మోటరింగ్ రేఖ కూడా కొలిచి ఇవ్వాల్సిందే. దీని లోపాలు కూడా అంతే స్పష్టం. మంట లేదు కాబట్టి లైనరు చల్లగా ఉంటుంది, దాని మీద ఆయిలు చిక్కగా ఉంటుంది, అందువల్ల ఘర్షణ ఎక్కువ కనిపిస్తుంది. రింగుల వెనక మండే వాయువు పీడనం లేదు, అందువల్ల తక్కువ కనిపిస్తుంది. పిస్టన్ వేడికి వ్యాకోచించదు కాబట్టి సందు ఎక్కువ. ఈ తప్పులు ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకుంటాయని నమ్మడానికి ఆధారమేమీ లేదు.

ఆ లోపాన్ని పూడ్చడానికి ఇటీవల బలపడిన దారి, సిలిండరులోకి బయటినుంచి వాయువును ఎక్కించి మోటరింగ్ చేయడం. పీడనం మండే ఇంజిను స్థాయికి చేరుతుంది. మాల్టా విశ్వవిద్యాలయం వారు గాలికి బదులు ఆర్గాన్ వాడి ఇంకో అడుగు వేశారు. ఆర్గాన్ విశిష్టోష్ణాల నిష్పత్తి 1.67, గాలిది 1.4. అంతే నొక్కినా ఆర్గాన్ మరింత వేడెక్కుతుంది కాబట్టి పీడనంతో పాటు ఉష్ణోగ్రత కూడా మంటకు దగ్గరగా వస్తుంది. నిరాడంబరమైన ఈ ఉపాయాన్ని గత పాతికేళ్లలో వచ్చిన మంచి ఆలోచనల్లో ఒకటిగా లెక్కించాలి.

మండే ఇంజినులో కొలత

అసలు పరిస్థితుల్లోనే కొలవాలన్న పట్టుదల సహజం. అయితే ఇక్కడ రెండు పెద్ద సంఖ్యల తేడాలోంచి ఒక చిన్న సంఖ్యను రాబట్టాలి. లారీని క్లీనరుతో ఒకసారి, క్లీనరును దింపి ఒకసారి కాటా వేసి, ఆ తేడాతో క్లీనరు బరువు చెప్పడం లాంటిది ఇది. ఇండికేటెడ్ సగటు పీడనం 21 బార్లు, బ్రేక్ సగటు పీడనం 20 బార్లు అనుకుంటే, మొదటి కొలతలో 1 శాతం తప్పు ఘర్షణలో 21 శాతం తప్పుగా బయటపడుతుంది.

ఆ 1 శాతం కూడా సులువుగా దొరకదు. పిస్టన్ పైఅంచుకు చేరే బిందువును క్రాంకు కోణంలో 1 డిగ్రీ తప్పుగా గుర్తిస్తే ఇండికేటెడ్ పీడనంలో 10 శాతం దాకా తేడా రావచ్చు. మన ఉదాహరణలో అది 2 బార్లు, ఘర్షణకు రెట్టింపు. ఆ బిందువును మోటరింగ్ పీడనం శిఖరంతో గుర్తిద్దామంటే, వేడి గోడల్లోకి పోవడం వల్ల, రింగుల సందుల్లోంచి వాయువు కారడం వల్ల ఆ శిఖరం అసలు బిందువుకు కొంచెం ముందే వచ్చేస్తుంది. పీడన సెన్సారు మంట తాకిడికి క్షణకాలం తప్పు చూపిస్తుంది. ఆరు సిలిండర్ల వరుస ఇంజినులో దాదాపు మీటరు పొడవున్న క్రాంకు షాఫ్టు లోడు కింద మెలి తిరుగుతుంది. ముందు చివర బిగించిన ఎన్‌కోడరు చూపే కోణం ఆరో సిలిండరుకు వర్తించదు. ఒక్క సిలిండరులో సెన్సారు పెట్టి ఆరింటికీ గుణించిన ఫలితాలను ఘర్షణ కొలతలుగా ఒప్పుకోకపోవడమే మంచిది.

తేడాల లెక్కతో పనిలేకుండా ఘర్షణ బలాన్నే నేరుగా పట్టుకున్నది ఫ్లోటింగ్ లైనరు పద్ధతి. టోక్యోలోని ముసాషి సాంకేతిక విద్యాసంస్థలో ఫురుహామా, తకిగుచి 1979లో నడుస్తున్న డీజిల్ ఇంజిను మీద చేసిన కొలతలు దీనికి పునాది. లైనరును బ్లాకు నుంచి విడదీసి బలాన్ని కొలిచే సెన్సార్ల మీద నిలబెడతారు. పిస్టన్ లాక్కుపోవాలని చూసే బలం ప్రతి డిగ్రీ దగ్గరా కనిపిస్తుంది. స్ట్రోకు మధ్యలో ఆయిలు పొర మీద నునుపైన వంపు, చివర్లలో లోహం లోహాన్ని తాకే చోట ముళ్లలాంటి ఎగుళ్లు. ఈ చిత్రం వచ్చాకే సిద్ధాంతాలకు ఒక గీటురాయి దొరికింది. కానీ దీనికి ప్రత్యేకంగా కట్టిన ఒంటి సిలిండరు ఇంజిను కావాలి. లైనరు బిగింపు, నీటి ప్రవాహం మారాక అది అసలు ఇంజిను కాదన్న ఆక్షేపణ ఇప్పటికీ చెల్లుతుంది.

మిచిగాన్‌లో ఉరాస్, ప్యాటర్సన్ 1983లో కనెక్టింగ్ రాడ్డుకు స్ట్రెయిన్ గేజీలు అతికించి, వాయు బలాన్ని, జడత్వ బలాన్ని తీసివేసి పిస్టన్ ఘర్షణ రాబట్టారు. ఆ మరుసటి ఏడాది డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి రెజెకా, హెనేన్ క్షణక్షణానికీ మారే కోణీయ వేగం నుంచి ఘర్షణను విడదీసే దారి చూపించారు. రెండోది చవకైనదే గానీ, షాఫ్టు మెలి కంపనాలు బలంగా ఉండే పెద్ద ఇంజిన్లలో ఘర్షణనూ కంపనాన్నీ వేరుచేయడం కష్టం.

అంచనాల్లో రెండు పక్షాలు

ఒక పక్షం అనుభవ సూత్రాలది. చెన్, ఫ్లిన్ 1965లో ఒక ఒంటి సిలిండరు డీజిల్ పరిశోధన ఇంజిను గురించి రాస్తూ ఇచ్చిన సూత్రం ప్రకారం ఘర్షణ పీడనం మూడు పదాల మొత్తం: 0.137 బార్ స్థిరాంకం, గరిష్ఠ సిలిండరు పీడనంలో 200వ వంతు, పిస్టన్ సగటు వేగానికి 0.162 రెట్లు. మిల్లింగ్టన్, హార్టిల్స్ 1968లో మోటరింగ్ ఫలితాల నుంచి తీసిన సూత్రంలో గరిష్ఠ పీడనం ఊసే లేదు. నేరుగా సిలిండరులోకి ఇంధనం చిమ్మే ఇంజిన్లకు 75 కిలోపాస్కల్, దానికి వెయ్యి ఆర్పీఎంకు 48, పిస్టన్ వేగం వర్గానికి 0.4 రెట్లు కలుపుకోవాలి. ఫోర్డులో బిషప్ 1964లో, ఎంఐటీలో ప్యాటన్, నిష్కే, హేవుడ్ 1989లో భాగాల వారీ సూత్రాలు ఇచ్చారు. ఎంఐటీ నమూనా పెట్రోలు ఇంజిన్ల కోసం పుట్టింది. దాన్ని లారీ ఇంజిన్లకు అరువు తెచ్చుకున్నవారు ఆ మాట మరిచిపోకూడదు.

160 మిల్లీమీటర్ల స్ట్రోకు, 1,500 ఆర్పీఎం, 200 బార్ల గరిష్ఠ పీడనం ఉన్న ఇంజినుకు రెండు డీజిల్ సూత్రాలనూ వేసి చూస్తే తేడా తెలుస్తుంది. పిస్టన్ సగటు వేగం సెకనుకు 8 మీటర్లు. చెన్-ఫ్లిన్ సూత్రం సుమారు 2.4 బార్లు చెబుతుంది, మిల్లింగ్టన్-హార్టిల్స్ 1.7. ఈ 0.7 బార్ తేడా పూర్తి లోడులోనే 3 శాతానికి పైగా ఇంధనానికి సమానం. పైగా పంపింగ్‌ను కలుపుకున్న మోటరింగ్ సూత్రమే తక్కువ చెబుతోంది. తయారీదారులు ఏళ్ల తరబడి ఇంజిను మార్చి సాధించే ఆదా కూడా ఈ అంకెకు అటూఇటూనే ఉంటుంది. సాఫ్టువేర్లలో చెన్-ఫ్లిన్ రూపం బతికి ఉందంటే దాని పాత గుణకాల బలం వల్ల కాదు, ప్రతి ఇంజినుకూ గుణకాలు మార్చి సరిపెట్టుకోవచ్చు కాబట్టి. సరిపెట్టిన సూత్రం కొలిచిన పరిధిలో బాగా పనిచేస్తుంది. దాని బయట అది చెప్పేదాన్ని అంచనా అనడం తొందరపాటు.

రెండో పక్షం భౌతిక నమూనాలది. 1883లో బోషాంప్ టవర్ రైలు బేరింగులో ఆయిలు పీడనాన్ని గమనించాడు, 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి సమీకరణం ఇచ్చాడు. లోడు, వేగం, ఆయిలు చిక్కదనం కలిసి ఘర్షణను ఎలా నిర్ణయిస్తాయో 1902లో స్ట్రిబెక్ గీసిన వంపు చూపింది. గరుకు ఉపరితలాల స్పర్శకు గ్రీన్‌వుడ్, ట్రిప్ 1970లో, ఆ గరుకు మధ్య ఆయిలు ప్రవాహానికి పతీర్, చెంగ్ 1978లో ఇచ్చిన నమూనాలు నేటి లెక్కలకు వెన్నెముక. ఈ దారిలో ఇంజిను కట్టకముందే రింగు ఆకారం, లైనరు హోనింగు, బేరింగు వెడల్పు మార్చి చూడొచ్చు. లోపమంతా లోపలికిచ్చే సమాచారంలో ఉంది. లైనరు ప్రతి చోటా ఎంత వేడిగా ఉంది, వేడికి ఎంత వంకరపోయింది, రింగుకు ఎంత ఆయిలు అందుతోంది, గరుకు ఎంత అరిగింది అన్నవి తెలియాలి. ఇవి తెలియనప్పుడు స్పర్శ గుణకాన్ని సవరించి ఫలితాన్ని కొలతకు కలిపేస్తారు. అలా కలిపిన భౌతిక నమూనా, అనుభవ సూత్రానికి ఖరీదైన రూపమే.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వర్చువల్ వెహికల్ కేంద్రం వారు పీడనం ఎక్కించిన మోటరింగ్ కొలతనూ బేరింగుల భౌతిక నమూనానూ జోడించారు. బేరింగుల ఘర్షణను లెక్కతో తీసేసి, మిగిలినదాన్ని పిస్టన్ సమూహానికి కేటాయిస్తారు. భౌతిక నమూనా బాగా నమ్మదగిన చోటే దాన్ని వాడి, నమ్మలేని చోట కొలతకు వదిలేయడం ఇందులోని తెలివి.

లోడు పెరిగితే ఘర్షణ పెరుగుతుందా?

సూత్రాల మధ్య అసలు తగవు ఇదే. చెన్-ఫ్లిన్ పెరుగుతుందంటుంది, మిల్లింగ్టన్-హార్టిల్స్ మాట్లాడదు. లోడుతో ఘర్షణ పెద్దగా మారదని, కొన్నిచోట్ల తగ్గుతుందని కూడా కొలతలు వచ్చాయి. ఇవన్నీ ఒక్కసారే నిజం కాగలవు.

మంట పీడనం శిఖరానికి చేరేది పిస్టన్ పైఅంచు దాటిన కాసేపటికే. అక్కడ రింగును లైనరుకు నొక్కే బలం విపరీతం, కానీ పిస్టన్ కదలిక తక్కువ. బలం ఎక్కువైనా అది పోగొట్టే పని కొంచెమే. పిస్టన్ వేగంగా పరుగెత్తేది స్ట్రోకు మధ్యలో. అక్కడ ఆయిలు పొర దట్టంగా ఉంటుంది, నష్టాన్ని నిర్ణయించేది ఆయిలు చిక్కదనం. లోడు పెరిగితే లైనరు వేడెక్కి ఆ ఆయిలు పలచబడుతుంది. బేరింగుల్లో పూర్తి ఆయిలు పొర ఉన్నంతసేపూ ఘర్షణ లోడు మీద పెద్దగా ఆధారపడదు. అందుకే చిక్కని ఆయిలు, మంచి వేగం ఉన్న పరీక్షల్లో లోడు ప్రభావం చెరిగిపోయినట్టు కనిపిస్తుంది.

నేటి లారీలు ఆ పరిస్థితి నుంచి జరిగిపోతున్నాయి. ఇంధనం ఆదా కోసం హైవే మీద 1,000 నుంచి 1,200 ఆర్పీఎంకే ఇంజినును దించి నడిపిస్తున్నారు, ఆయిలు పలచన చేస్తున్నారు, సిలిండరు పీడనాన్ని 200 బార్ల పైకి తీసుకెళ్తున్నారు. మూడూ కలిసి బేరింగులనూ పిస్టన్ స్కర్టునూ స్ట్రిబెక్ వంపులో ఎడమవైపుకు, లోహాలు తాకే మిశ్రమ దశకు తోస్తాయి. ఆ దశలో లోడు ప్రభావం నిజంగానే పెరుగుతుంది. కాబట్టి ‘లోడు ప్రభావం ఎంత’ అని ఒకే జవాబు అడగడం తప్పు. ఇంజిను ఆ వంపులో ఎక్కడ నడుస్తోందో చెప్పకుండా ఇచ్చిన గుణకం, పాత ఇంజిను జాతకాన్ని కొత్తదానికి చదవడమే అవుతుంది.

ఆయిలు ఎంత పలచన?

15డబ్ల్యూ-40 ఆయిలు చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్సు, 100 డిగ్రీలకు వచ్చేసరికి 14-15. ఇంజిను లోపలి పరిస్థితులకు దగ్గరగా ఉండాలని 150 డిగ్రీల వద్ద వేగంగా కోస్తూ కొలిచే చిక్కదనాన్ని ప్రమాణంగా పెట్టారు. 2016 డిసెంబరులో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన సీకే-4 ఆయిళ్లకు ఆ విలువ కనీసం 3.5, పలచని ఎఫ్ఏ-4 ఆయిళ్లకు 2.9 నుంచి 3.2 మిల్లీపాస్కల్-సెకన్లు. ఎఫ్ఏ-4ను పాత ఇంజిన్లన్నిట్లో పోయకూడదు. ఆదా ఒకటి రెండు శాతం. ఇంత చిన్న తేడాను పట్టుకోవడానికి కొలత 1 శాతం కన్నా బాగా నమ్మదగినదై ఉండాలన్నది పైన చూసిన లెక్కే చెబుతుంది. ఆయిలు డబ్బా మీది శాతాలను చదివేటప్పుడు ఏ లోడులో, ఏ ఉష్ణోగ్రతలో అని అడగాలి.

మన రోడ్ల మీద తేలనివి

మన దేశంలో భారీ లారీల ఇంధన వినియోగ పరీక్ష గంటకు 40, 60 కిలోమీటర్ల స్థిర వేగాల మీద జరుగుతుంది. అందులో ఇంజిను ఘర్షణ విడిగా కనిపించదు. ఘాట్ ఎక్కడం, ఊళ్లలో ఆగి కదలడం, మితిమీరిన బరువు అందులో లేవు. వేగం, లోడు క్షణక్షణం మారేటప్పుడు ఆయిలు ఉష్ణోగ్రత వెనకబడుతుంది కాబట్టి స్థిర పరిస్థితుల సూత్రాలు అక్కడ తప్పుతాయి. ఎంత తప్పుతాయన్నది ఇంకా తేలలేదు. చలిదేశాల పరిశోధనలో చల్లని స్టార్టింగుకు పెద్ద పీట వేస్తారు. రామగుండం ఎండల్లో బొగ్గు మోసే టిప్పరుకు ఆ సమస్య చిన్నది, వేడెక్కిన ఆయిలు పలచబడి మిశ్రమ దశలోకి జారడమే పెద్దది.

ఇంకొక ఖాళీ పూర్తిగా మనది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల రీబోరింగ్ చేసి, లైనర్లు మార్చి, షెల్స్ వేసి మళ్లీ రోడ్డెక్కే ఇంజిన్లు ఎన్నో. వాటి హోనింగు గరుకు, రింగుల సందు, బేరింగు క్లియరెన్సు కంపెనీ ఇంజినుతో కలవవు. ఉన్న సూత్రాలన్నీ కొత్త ఇంజిన్ల మీద పుట్టినవే. ఆర్టీసీ డిపోలు బస్సు బస్సుకూ కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) రాసుకుంటాయి. రీకండిషన్ అయిన ఇంజిన్ల కేఎంపీఎల్‌ను ఘర్షణ కొలతతో కలిపి చదివితే, బయటి దేశాల పత్రాల్లో దొరకని జ్ఞానం మన దగ్గరే తయారవుతుంది.

ఇంతకీ ఏ పద్ధతిని నమ్మాలి? భాగాల వాటాలు తెలుసుకోవడానికి విప్పి చేసే మోటరింగ్, మొత్తం ఇంజినుకు పీడనం ఎక్కించిన మోటరింగ్, రింగుల సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఫ్లోటింగ్ లైనరు, కొత్త డిజైనుకు భౌతిక నమూనా, ఇప్పటికే కొలిచిన ఇంజిను మీద త్వరగా లెక్క వేయడానికి మాత్రమే చెన్-ఫ్లిన్ రకం సూత్రం. మండే ఇంజిను నుంచి నేరుగా తీసిన అంకెను ఆరు సిలిండర్లలోనూ సెన్సార్లు ఉంటే తప్ప ఆఖరి మాటగా తీసుకోకూడదు. ఇంజినీరింగు కళాశాలల ల్యాబుల్లో, పరీక్షా కేంద్రాల్లో ఘర్షణ అంకె రాసే ప్రతి ఒక్కరికీ ఒక్క విన్నపం: ఆ అంకె పక్కనే ఆయిలు గ్రేడు, ఆయిలు ఉష్ణోగ్రత, లెక్కలో కలిపిన పంపుల పేర్లు, పంపింగ్‌ను కలిపారో లేదో, పైఅంచు బిందువును ఎలా గుర్తించారో రాయండి.